మామ గుండెకు మైకు పెట్టిన నాడు

చావుకబురు చల్లగా చెప్పారంటారు. నేను లౌడ్‌స్పీకర్లో చెప్పాను, అదీ పిల్లనివ్వడానికి వచ్చిన మామకు, ఆయన చావునే! నవ్వడం తర్వాత, ముందు వినండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరులో నాకు రేడియోలు బాగుచేసే అంగడి ఉండేది. ఒకనాడు పాత స్టెతస్కోపు గొట్టానికి మైకు బిగించి, ఆంప్లిఫయరుకు కలిపాను. టోను బిరడా తిప్పితే అక్కర్లేని గీమనే శబ్దం తగ్గి, గుండె చప్పుడు మాత్రం పలికేది. ఇక జిల్లాలోని జబ్బులన్నీ నేనే పట్టేస్తాననుకున్నాను. నాకు తెలిసిన వైద్యమల్లా మిరియాల కషాయమే!

సరిగ్గా అప్పుడే జమ్మలమడుగు నుంచి ఓబులేసు మామ, ఆయన భార్య రామలక్ష్మమ్మ నన్ను చూసిపోదామని వచ్చారు.

"ఏందప్పా, ఈడ ఏం చేస్తాండావు?" అన్నాడు మామ.

"గుండెలో ఏముండాదో చెప్పే మిషను, మామా. చొక్కా ఇప్పు."

మైకు ఆనించాను. లబ్ డబ్ ఏదీ? గరగర, బరబర! కంకర మీద ఎద్దులబండి పోయినట్టు. బజారంతా అంగడి ముందు మూగింది. కంగారులో మైకును ఇంకా గట్టిగా రుద్దాను. గరగర ఇంకా పెరిగింది. రేడియోలో ఆ చప్పుడుకు నాకు తెలిసిన కారణం ఒక్కటే.

"వాల్వు పోయింది, మామా!"

"పోతే?"

"రేడియోకైతే మద్రాసు నుంచి తెప్పిస్తా. మనిషికి యాడ దొరుకుతుందో తెలీదు."

మామ ముఖం సున్నం కొట్టినట్టయింది. భార్య చేయి పట్టుకున్నాడు. "రామలచ్చుమ్మా, ఇన్నేండ్లు చెప్పలేదు గానీ, నీ చేతి సంగటి అట్లాంటిది యాడా లేదు. నిన్ను శానా ఏడిపించినా" అని భోరుమన్నాడు. ఆమె అంతకు రెండింతలు ఏడ్చింది.

ఆ గోల విని పక్కవీధి డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. తన స్టెతస్కోపు పెట్టి నిదానంగా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గుండె గుండ్రాయిలా ఉంది. ఆయన రొమ్ము మీద అడవి చూశావా? ఆ వెంట్రుకలు మైకుకు రాసుకుంటున్నాయి. అదయ్యా నువ్వు కనిపెట్టిన రోగం!"

కుక్క పని గాడిద చేస్తే వీపు పగులుతుంది. డాక్టరు పని రేడియో మెకానిక్ చేస్తే పెండ్లే పగులుతుంది. మామ చెప్పు తీశాడు.

"ఈ ఎదవకా నా పిల్లనిచ్చేది?"

రామలక్ష్మమ్మ ఆ చెప్పు లాక్కుంది.

"వీనికే ఇయ్యాల! ఇరవై ఏండ్ల కాపురంలో నీ నోట ఒక మంచిమాట పలికించింది ఈ పిల్లోడొక్కడే!"

పెండ్లయింది. పీటల మీద కూర్చొని, అగ్నిసాక్షిగా నేను మనసులో ఇంకో ఒట్టు కూడా పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరి గుండెకూ మైకు పెట్టను. తప్పనిసరై పెట్టాల్సి వస్తే, ముందు మంగలిని పిలిపిస్తాను.