లావాకి ముందు తడిగుడ్డ

హవాయిలో పహోవా అనే ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ముప్పై ఏళ్లుగా కిలవేయా అగ్నిపర్వతం కక్కుతున్న లావా సరిగ్గా ఆ వారమే మా వీధి వైపు తిరిగింది. సామానంతా ట్రక్కులోకి ఎక్కించాం. తీరా బయల్దేరదామంటే, ఆవిడ ఖాళీ ఇంటిని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. పెరటి వెనక పొగ లేస్తోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“ఆంటీ, రేపో ఎల్లుండో కాలిపోయే ఇంటికి క్లీనింగ్ ఏంటి? ప్లీజ్, రండి!”

“వచ్చేది పెలె, మా అగ్నిదేవత. ఈ నేలంతా ఆమెదే. ఆమె ఇల్లు ఆమెకి మురికిగా అప్పగించనా?”

ఇక లాభం లేదు, చెయ్యి పట్టుకుని లాక్కొద్దామని లోపలికి అడుగేశాను. ఆవిడ నా బూట్ల వైపు చూసి, “బయట విప్పు” అంది.

పొగ వాసన పీలుస్తూ, తిట్టుకుంటూ, గుమ్మంలో కూర్చుని లేసులు విప్పాను.