నేషనల్ పార్కులో మేకల మంద

నేను అటవీ శాఖలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి వేసవి డైరీలో ఒక పేజీ చదివితే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఆ రోజు శేషాచలం కొండల కింద ఒక ముసలాయన నేషనల్ పార్కు హద్దు దాటి మేకలను తోలుకొచ్చాడు. పార్కులో మేపకూడదని ఆపాను.

"పార్కంటే పిల్లోళ్లు ఉయ్యాలూగేది గదప్పా! ఈడ ఉయ్యాల యాడుండాది?" అన్నాడు.

నవ్వు ఆపుకుని, నేషనల్ పార్కంటే చట్టం అన్నిటికంటే గట్టిగా కాపాడే అడవి అని చెప్పాను.

"పులికాట్‌లో పక్షుల్ని కాపాడతాండారు. ఆడ చేపలు పట్టేవాళ్లను ఆపినారా? మా మేకలే కండ్లబడినాయా?"

"అది అభయారణ్యం పెద్దాయనా. ఆడ కొన్ని పనులకు ఒప్పుకుంటారు. ఈడ మేతకు అసలు ఒప్పుకోరు."

"ఆ మాట నాకు గాదు, ఆకలిగొన్న మేకలకు చెప్పు" అన్నాడు.

కేసు రాస్తే మందను ఆఫీసుకు తోలాలి. ఆయనకు ఆ మందే బతుకు. కేసుల పుస్తకం తీయకుండా, ఆయనతోపాటే నడిచి, పార్కు బయట మేతకు అడ్డులేని గుట్ట చూపించాను. మేకలు తలలు వంచి మేయసాగాయి. ఆయన తన సంగటి ముద్దలో సగం నా చేతిలో పెట్టాడు.

ఆ మంద మళ్లీ హద్దు దాటలేదు, ఆ గుట్టకే పోయేది. ఆ వేసవంతా మేకల మీద ఒక్క కేసు కూడా రాయాల్సిన అవసరం నాకు రాలేదు.