చుట్టే కూలి, లెక్క తెలిసిన కూలి

నేను పలమనేరులో మోటార్ల వైండింగ్ షాపులో చేరింది ఊడ్చడానికి. పొద్దున షట్టరు తీయగానే ఊడ్చి, బిందెలో నీళ్లు నింపి, టీ తెచ్చిపెట్టాలి. మిగిలిన సమయంలో కాలిపోయిన మోటార్లలోంచి నల్లబడ్డ రాగి తీగను ఉలితో కొట్టి, పటకారుతో లాగి బయటికి తీయాలి. పొలాల్లో బోరు మోటార్లు కాలిపోతే రైతులు బండికి కట్టుకుని తెచ్చేవాళ్లు. పాత తీగ తీసేసి, కొత్త తీగను కాయిళ్లుగా చుట్టి, మోటారు లోపలి గాడుల్లో కూర్చి ఇవ్వడమే అక్కడి పని.

షాపు యజమాని అరవై దాటిన ముస్లిం పెద్దాయన. అందరం ఆయన్ని భాయ్ అనేవాళ్లం. ఇద్దరు మేస్త్రీలు ఉండేవాళ్లు. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

మా పుట్టింట్లో పూలు కట్టి అమ్మేవాళ్లం. కనకాంబరాలు, మల్లెలు, చామంతులు. ఏడెనిమిదేళ్ల వయసు నుంచే నా వేళ్లు నేను చూడకపోయినా పనిచేసేవి. షాపులో చేరిన రెండో నెలలో ఒక మేస్త్రీకి జ్వరం వచ్చింది. చేత్తో తిప్పే కాయిల్ మిషను ముందు నన్ను కూర్చోబెట్టి, ఒక చీటీ మీద అంకెలు రాసిచ్చాడు భాయ్. సాయంత్రానికి కాయిళ్లన్నీ చుట్టేశాను. ఆయన ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూసి, మర్నాడు కూడా అక్కడే కూర్చోమన్నాడు. ఏడాది తిరిగేసరికి కాయిళ్లను గాడుల్లో కూర్చడం కూడా నా పనే అయింది. ఊడ్చే పని ఎవరూ తీసుకోలేదు కాబట్టి అదీ నాదే.

ఐదేళ్లు అలా గడిచాయి. ఆ ఐదేళ్లలో నా రోజుకూలి ఒక్కసారి పెరిగింది, అదీ బియ్యం బస్తా ధర రెండుసార్లు పెరిగిన తర్వాత. మేస్త్రీలకు నా కూలికి దాదాపు రెండింతలు వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం వాళ్లిద్దరూ అన్నానికి వెళ్లాక అడిగాను.

"భాయ్, వాళ్లు చుట్టేది, నేను చుట్టేది ఒకటే గదా. కూలి ఎందుకు తక్కువ?"

ఆయనకు కోపం రాలేదు. చేతిలో ఉన్న స్టార్టరు పక్కన పెట్టాడు.

"నీ చేతిలో పని ఉండాదమ్మా, నేను కాదనను. అయితే నువ్వు చుట్టేది నేను రాసిచ్చిన లెక్క. ఎన్ని చుట్లు, ఏ నంబరు తీగ అనేది నేను సెప్పల్ల. ఆ లెక్క తెలిసినోనికి ఒక కూలి, చుట్టేదానికి ఒక కూలి. యాడైనా అంతే."

ఇంటికి వెళ్లే బస్సులో ఏడుపు వచ్చింది. ఆయన అన్నది అబద్ధమైతే పోట్లాడి ఉండేదాన్ని. అది నిజం. మోటారు మీది నేమ్‌ప్లేటు నాకు చదవడం రాదు. అందులోని ఇంగ్లీషు అక్షరాలు బొమ్మల్లా గుర్తుండేవి, అంతే. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. ఆ పైన చదవాలంటే వేరే ఊరికి పోవాలి, ఇంట్లోనేమో పూలు కట్టే చేతులు కావాలి.

పనిమానకుండానే చదివి పదో తరగతి పరీక్ష రాయొచ్చని మా పొదుపు సంఘం మీటింగులో చెప్పారు. ఆదివారాలు క్లాసులు. మా ఆయన టమోటా మండీకి వ్యాను తోలేవాడు. ఆయనకు చెబితే, "ఇప్పుడు సదివి ఏం జేస్తావు? ముప్పై రెండేండ్లు వచ్చినాయి గదా" అన్నాడు. నేను మర్నాడే పోయి పేరు రాయించుకున్నాను. ఆయన వారం రోజులు ఆ మాటే ఎత్తలేదు. మొదటి ఆదివారం మాత్రం వ్యాను బయటికి తీసి, "ఎక్కు, టైమయింది" అన్నాడు.

మొదటిసారి లెక్కల్లో తప్పాను. ఆ సంగతి షాపులో మేస్త్రీలకు తెలిసి, నెలరోజులు నన్ను "టీచరమ్మా" అని పిలిచారు. రెండోసారి రాశాను. లెక్కల్లో ముప్పై తొమ్మిది మార్కులు వచ్చి పాసయ్యాను. ఆ మార్కుల కాగితం ఇప్పటికీ ప్లాస్టిక్ కవరులో ఉంది.

పదో తరగతి పాసైతే చిత్తూరులో ఎలక్ట్రికల్ పనిలో ఆరునెలల ఉచిత శిక్షణలో చేరవచ్చు. రోజూ మొగిలి ఘాటు దిగి వెళ్లి, సాయంత్రం మళ్లీ ఎక్కి రావాలి. ఆరునెలలు కూలి ఉండదు. మా ఆయన ఒక్కడి సంపాదనతో, ఆవు పాలు పోసిన డబ్బులతో నెట్టుకొచ్చాం. క్లాసులో నాతోపాటు ఉన్నవాళ్లంతా ఇరవై ఏళ్ల మగపిల్లలు. మొదటి వారం నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ప్రాక్టికల్ మొదలయ్యాక మాత్రం, కాయిల్ గాడిలోకి దిగకపోతే అందరూ నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు.

పాఠం చెప్పే సారు రిటైరైన పెద్దమనిషి. ఒకరోజు కాలిపోయిన మోటారు ఒకటి విప్పి బల్లమీద పెట్టి, నన్ను లేపాడు.

"నువ్వు ఇన్నేండ్లు షాపులో చేసినావు గదమ్మా. ఇది ఎందుకు కాలినాదో చెప్పు."

"కాయిల్ కాలింది సార్."

"అది ఏమైనాదో చెప్తా ఉండావు. ఎందుకైనాదో నేను అడగతా ఉండేది."

కొన్ని వందల మోటార్లలోంచి మాడిన తీగ లాగి పారేసిన దాన్ని. ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు రాలేదు, షాపులో ఎవరూ అడగలేదు.

సారు దగ్గరికి రమ్మని చూపించాడు. కాయిళ్లలో మూడోవంతు కొత్తవాటిలా మెరుస్తున్నాయి, మిగతావి బొగ్గు. "కరెంటు వచ్చే మూడు ఫేజుల్లో ఒకటి రాలేదు. మిగిలిన రెండే బరువంతా మోసినాయి, మాడిపోయినాయి. అన్నీ ఒకే తీరుగా నల్లబడింటే వోల్టేజీ తక్కువనో, లోడు ఎక్కువనో అనుకోవాల. మోటారే చెప్తాది, మనం చూడాల అంతే." అలాంటి మోటార్లు నేను ఎన్ని విప్పానో తలచుకుంటే సిగ్గేసింది. చూడటం నేర్చుకోవడానికి కూడా చదువు కావాలని నాకు ఆరోజు తెలిసింది.

శిక్షణ అయ్యాక భాయ్ దగ్గరికే తిరిగి వెళ్లాను. నేమ్‌ప్లేటు చదివి లెక్క నేనే వేస్తుంటే ఆయన కళ్లజోడు పైకెత్తి చూశాడు. కూలి పెంచాడు. అయినా మేస్త్రీల కంటే తక్కువే.

"వాళ్లకి సంసారాలుండాయి గదమ్మా."

"నాకు లేదా భాయ్?"

ఆయన నవ్వబోయి ఆగాడు. అసలు మాట అప్పుడు చెప్పాడు, "నాకు వచ్చేదే పెరగలేదమ్మా. ఈ రోడ్లోనే ఇంకో మూడు షాపులు వచ్చినాయి. రేటు పెంచితే రైతు పక్క షాపుకి పోతాడు. నేను యాడనుంచి తెచ్చియ్యాల?"

అది కూడా నిజమే. ఆయన తన ఇంటికి తీసుకెళ్లేది కూడా ఎన్నో ఏళ్లుగా అంతేనని నాకు తెలుసు. అదే షాపులో ఇంకా పదేళ్లు ఉన్నా నాకు పెరగడానికి అక్కడ ఏమీ లేదు. మా ఊరి వైపు మాత్రం ఒక్క వైండింగ్ షాపు కూడా లేదు. రైతులు మోటారును మోపెడ్ మీద పెట్టుకుని ఇరవై కిలోమీటర్లు వచ్చేవాళ్లు. మా ఊరికి రోడ్డు చీలే క్రాసులో షాపు పెట్టుకుంటానని చెప్పాను. భాయ్ రెండురోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు తన పాత కాయిల్ మిషను తుడిచి బయట పెట్టించాడు. "పాతసామాన్ల రేటుకి తీసుకుపో. ఊరికే ఇయ్యను. ఊరికే ఇస్తే సరిగా సూసుకోవు" అన్నాడు.

బ్యాంకులో అప్పుకోసం వెళితే మేనేజరు ఫారం చూడకుండానే, "టైలరింగ్ షాపామ్మా?" అన్నాడు.

"మోటారు వైండింగ్ సార్."

"మీ ఆయన చేస్తారా?"

"నేనే చేస్తా సార్. ఆయనకు రాదు."

శిక్షణ సర్టిఫికెట్ బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. అప్పు మూడోసారి వెళ్లినప్పుడు వచ్చింది.

షాపు తెరిచిన మొదటి రెండు నెలలు మిక్సీలు, ఫ్యాన్లు, గ్రైండర్లు తప్ప ఏమీ రాలేదు. రైతులు వచ్చేవాళ్లు, లోపలికి తొంగి చూసేవాళ్లు.

"మేస్త్రీ యాడికి పోయినాడమ్మా?"

"నేనే అన్నా."

"అది కాదమ్మా, మోటారు కట్టేటాయప్ప?"

"నేనే కట్టేది."

"సరేలే, మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ వచ్చినవాళ్లు లేరు.

మొదటి బోరు మోటారు వేసవిలో వచ్చింది. తెచ్చిన రైతుకు వేరే దారి లేదు. పలమనేరులో ఏ షాపులో అడిగినా నాలుగురోజులు పడుతుందన్నారట. టమోటా తోట పూతమీద ఉంది. మోటారును నా గడపలో దింపి, "రేపు సాయంత్రానికి కావల్ల. ఈ ఎండల్లోనే ఇది మూడోసారి కాలేది" అన్నాడు.

విప్పి చూస్తే మూడోవంతు కాయిళ్లు మెరుస్తున్నాయి.

"అన్నా, మీ స్టార్టర్లో ఒక ఫేజు రాకపోతే మోటారు ఆపేసే డబ్బా ఉండాదా?"

"ఉండె. అది మాటిమాటికీ ఆపేస్తా ఉంటే, తీసేసి నేరుగా కట్టుకున్నాం."

"అందుకే కాలతా ఉండాది."

ఆయనకు కోపం వచ్చింది. "ఇదో అమ్మా, నేను మోటారు కట్టించుకోను వచ్చినా. పాఠం సెప్పించుకోను కాదు."

మోటారు కట్టి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం నేనే ఆయన తోటకు వెళ్లాను. పిలవలేదు. ఎందుకు వెళ్లానంటే, ఆ మోటారు నెలలోపల మళ్లీ కాలితే, ఆడమనిషి కట్టింది కాబట్టి కాలిందంటారు. ఆయన భార్య టమోటా చెట్లకు కట్టెలు పాతుతోంది. నన్ను చూసి, "సూస్తే నీకేమి పోతాది, సూడనీ" అని భర్తను కసిరింది. ఫ్యూజు బాక్సు తెరిస్తే ఒక ఫేజు బిగింపు మాడి, తీగ ఊగుతోంది. కరెంటు ఆపించి, కొత్తది బిగించి, డబ్బా మళ్లీ కట్టాను. "ఇది ఆపేసిందంటే తిట్టద్దు. ఫేజు వచ్చేదాకా కాసుకోండి" అని చెప్పి వచ్చాను.

ఆ సంవత్సరం ఆ మోటారు మళ్లీ నా షాపుకు రాలేదు. ఈ సంగతి చెబితే భాయ్ పడీపడీ నవ్వాడు. "ఇట్ల సెప్పుకుంటా పోతే నీకు గిరాకి యాడుంటాది?" నిజంగానే నాకూ ఆ భయం ఉండేది. కానీ ఆ రైతు తన బావమరిదిని పంపాడు, బావమరిది పక్క ఊరివాళ్లను పంపాడు. కొందరు మోటారు కాలకముందే స్టార్టరు చూసి పొమ్మని పిలవడం మొదలుపెట్టారు. అలా చూడటానికి కూడా కూలి తీసుకోవచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు. ఆ వేసవి చివరికి నేను భాయ్ మేస్త్రీల కంటే ఎక్కువే ఇంటికి తెచ్చాను.

మరుసటి ఏడాది వానలు బాగా పడ్డాయి. చెరువులు నిండాయి, బోర్లు ఆడించేవాళ్లు లేరు. మూడునెలలు మళ్లీ మిక్సీలు, గ్రైండర్లే. మా ఆయన వ్యాను కిరాయితో అప్పు వాయిదాలు కట్టాం. వానలు పడితే ఊరంతా సంతోషంగా ఉంటుంది. నేనూ అందరితో పాటు నవ్వుతూనే, షాపులో ఖాళీగా కూర్చున్నాను.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు పనిచేస్తున్నారు. ఇద్దరూ అంతకుముందు టమోటాలు కోసే కూలికి పోయేవాళ్లే. ఒకమ్మాయి ఇంటర్ దాకా చదివింది. ఇంకొకామె నాకంటే పదేళ్లు పెద్దది, వరసకు పిన్నమ్మ. బడి మొహం చూడలేదు. ఆ అమ్మాయి మూడునెలల్లో లెక్క పట్టేసింది కాబట్టి ఆమె కూలి పెంచాను. ఆ వారమే పిన్నమ్మ అడిగింది.

"నా చేతి కాయిల్ ఆ పాప కాయిల్ కంటే బాగుండాదని నువ్వే అన్నావు. అచ్చరాలు రావని నా కూలి ఇంతేనా?"

భాయ్ నాతో అన్న మాటే ఆమెకు చెప్పగలను. ఆ మాటలో తప్పు లేదు కూడా. కానీ ఆమె రాత్రీ పగలూ పదో తరగతి చదివి పాసవుతుందని నేను అనుకోవడం లేదు. ఒక నెల గడువు అడిగాను. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట, పాత నేమ్‌ప్లేట్లు నేలమీద పరిచి అంకెలు చూపించాను. ముందు ప్లేటు మీద హార్స్‌పవరు, తర్వాత నేను గోడమీద రాసిపెట్టిన పట్టికలో తీగ నంబరు, చుట్ల సంఖ్య. ఐదును, ఆరును చాలా రోజులు కలిపేసింది. ఒకసారి చుట్లు తప్పుచూసి చుట్టిన కాయిళ్లన్నీ విప్పాల్సి వచ్చింది. "తీగంతా పాడుజేసినా" అని ఆ పూట ఆమె అన్నం తినలేదు. నేను మొదటి ఏడాది పాడుచేసిన తీగ గురించి చెప్పాను.

ఇప్పుడు ఐదు రకాల మోటార్లకు ప్లేటు చూసి, గోడమీది పట్టికలో వెతికి, ఎవరినీ అడగకుండా చుడుతుంది. ఇద్దరికీ కూలి ఒకటే ఇస్తున్నాను. దానివల్ల నాకు మిగిలేది కొంత తగ్గింది.

ఇంటర్ చదివిన అమ్మాయి చిత్తూరులో నేను చేసిన శిక్షణకే దరఖాస్తు పెట్టింది. పోయిన వారం ఫారం మీద సంతకం కావాలని నా దగ్గరికి తెచ్చింది. "అది అయినాక ఈడికే వస్తానక్కా" అంది. వస్తుందో రాదో తెలియదు. తిరుపతి పక్కన ఫ్యాక్టరీలలో ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు నేను ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువే ఇస్తారు. సంతకం పెట్టాను. వేసవి మొదలవుతోంది. ఆమె స్థానంలో కూర్చోవడానికి టమోటా తోటల్లో ఇంకెవరి వేళ్లు చురుకుగా ఉన్నాయో చూడమని పిన్నమ్మకు చెప్పాను.