బిస్మిల్లా బీ శుక్రవారాలు

ఫజర్ నమాజు చదువుకుని, జానిమాజు చాప మడిచిపెట్టి, వంటింట్లోకి పోయే ముందు బిస్మిల్లా బీ ప్రతిపొద్దూ వీధి తలుపుకు చెవి ఆనించి వినేది. వీధిలో పిల్లి కూడా కదలకపోయినా వినేది. కువైట్‌లోని జహ్రాలో ఆమె పనిచేసే ఇంటికి ఎదురుగా ఒక ఇరానీ ముసలాయన రొట్టెల బట్టీ ఉండేది. తలుపు తట్టితే ఆమె వణికిపోతుందని ఆయన ఎట్లా కనిపెట్టినాడో ఏమో, వేడి రొట్టెలు తెచ్చినప్పుడు దూరం నుంచే "బిస్మిల్లా! నేనమ్మా, రొట్టెలు!" అని కేకేసేవాడు. అల్లా ఆయన్ను చల్లగా చూడాల.

ఆమెది మా రాయచోటి పక్క పల్లె. ఇరాకీలు కువైట్‌ను పట్టుకున్నప్పుడు మనవాళ్లు చాలామంది ఎడారి దాటి, జోర్డాన్ మీదుగా ఇంటిదారి పట్టినారు. ఈమె పోలేదు. ఆ ఇంటి యజమానురాలికి, పనివాళ్లు మామా అని పిలిచే ఆమెకు, అప్పుడు మూడో నెల. "కడుపుతో ఉండే మనిషిని వదిలి యాడికి పోను?" అనింది. ఆ చలికాలం ఒక తెల్లవారుజామున సైనికులు తలుపు బాదినారు. గడి తీసింది బిస్మిల్లా బీ. వాళ్లు లోపలికొచ్చి మామా తమ్ముణ్ణి పట్టుకుపోయినారు. యుద్ధం అయిపోయింది, కువైట్‌కు విడుదలొచ్చింది, ఆ పిల్లోడు మాత్రం తిరిగి రాలేదు.

అప్పటి నుంచి మామా ఆమె మొహం చూసి మాట్లాడేది కాదు. అన్నం పెట్టేది, జీతం ఇచ్చేది, జ్వరమొస్తే మందు తెప్పించేది. చూపు మాత్రం పక్కకు తిప్పుకునేది. సెలవు దొరికినప్పుడు ఖైతాన్‌లో మా గదికొచ్చి బిస్మిల్లా బీ నాతో అదే చెప్పుకునేది.

"ఆ ఇంట్లో తిని ఆ ఇంటి బిడ్డనే అప్పజెప్పినా, జుబేదా. ఆమె నోరు తెరిచి అనదు. నేనే ఇఖామా, ఈడ ఉండే పర్మిట్టు, రద్దు చేయించుకుని ఊరికి పోతా."

"పోతే మటుకు మర్చిపోతావా?" అని నేననేదాన్ని.

ఇట్లా రెండేళ్లు గడిచినాక మామా పిన్నమ్మ ఒక కబురు తెచ్చింది. కువైట్ సిటీలో ఆడవాళ్ల సంఘమొకటి ఉందంట. యుద్ధంలో దెబ్బతిన్న మనసులవాళ్లు వారానికోసారి అక్కడ కూడి మాట్లాడుకుంటారంట. మామా ఒంటరిగా పోలేక, గావా, అదే అరబ్బీ కాఫీ, ఫ్లాస్కు మోసేదానికని బిస్మిల్లా బీని వెంట తీసుకుపోయింది.

గదిలో ఆడోళ్లందరూ గుండ్రంగా కూర్చున్నారు. నల్ల అబాయాలు, మధ్యలో ఖర్జూరం తట్ట. ఒకామె ఏడుస్తా ఉంది, ఎవరూ ఓదార్చడం లేదు. ఇది చావు జరిగి జియారత్ చేస్తా ఉండే ఇల్లనుకునింది బిస్మిల్లా బీ. చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, ఒక మూల కూర్చుని చేతులెత్తి ఫాతిహా చదివింది. చదివి, పక్కనున్న ముసలామెను మెల్లగా అడిగింది: "ఎవరమ్మా పోయినారు?"

ముసలామె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరమూ పోలేదు బిడ్డా. ఈ దిగులుతోనే పోకుండా ఉండాలని వచ్చినాం."

అందరూ నవ్వినారు, ఏడుస్తా ఉన్నామె కూడా. సంఘాన్ని నడిపే డాక్టరమ్మ ఫ్లాస్కు అందుకుని పక్కన పెట్టి, "నువ్వూ ఇక్కడే కూర్చో" అనింది.

మామా వంతు వచ్చింది. అరబ్బీలో చెప్పింది.

"ఆ పొద్దు తలుపు తీయమనింది నేనే. తీయకపోతే పగలగొట్టి లోపలికొస్తారని, కడుపులో బిడ్డకేమవుతుందోనని భయపడినా. బిస్మిల్లా వద్దు మామా అనింది. నేను కసిరినా. దాని మొహం చూసినప్పుడల్లా నేనన్న ఆ మాటే వినిపిస్తుంది. అందుకే చూడలేను."

ఆమె వద్దన్న సంగతి బిస్మిల్లా బీకి గుర్తే లేదు. చేతికి తగిలిన ఇనుప గడి చల్లదనమొక్కటే గుర్తు. లేచి గావా పోసేదానికి ఫ్లాస్కు అందుకునింది. మామా ఆమె చేతిని తన చేత్తో పట్టుకునింది. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కారులో ముందు సీటుకు పోనీకుండా తన పక్కన కూర్చోబెట్టుకునిందంట. బాధ పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఊరికి పోతాననే మాట మళ్లీ ఆమె నోట రాలేదు. తలుపుకు చెవి పెట్టడం కూడా కొన్ని పొద్దులు మర్చిపోయేది.

ఆ తర్వాత శుక్రవారాల్లో జుమా నమాజు అయినాక మా గదిలో మన ఆడోళ్లను కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. తురకోళ్లం, హిందువులం, ఏడెనిమిదిమందిమి.

"ఏమ్మే, ఏడ్చేదానికి బస్సెక్కి రావల్లనా? అది మా ఇంట్లో కూడా అవుతాది" అనేసింది వెంకటేశ్వరి మొదటి వారం.

"ఆడ ఒక్కదానివే ఏడుస్తావు. ఈడైతే టీ ఇస్తాం" అనింది బిస్మిల్లా బీ.

ఒకటే కట్టుబాటు పెట్టింది. ఒకరు చెప్తా ఉంటే "ఓర్చుకోమ్మా" అని ఎవరూ అనకూడదు. వినాల, అంతే. అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసిన వెంకటేశ్వరే మూడో వారం గంటసేపు మాట్లాడింది. మరుసటి వారం ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని చేసి తెచ్చింది.

ఒక్క తిరుపాలమ్మ మాత్రం రాలేకపోయింది. జహ్రాలో బిస్మిల్లా బీ వాళ్ల వీధిలోనే పని. యుద్ధంలో ఏం చూసిందో, చెత్త పారేసేదానికి కూడా గడప దాటేది కాదు. వాళ్ల మామా ఆమెను సోమరిపోతనుకుని ఊరికి పంపించేస్తానంటా ఉండింది. "నన్ను పంపొద్దని చెప్పక్కా" అని గోడ అవతలి నుంచి బిస్మిల్లా బీతో ఏడ్చిందంట తిరుపాలమ్మ.

బిస్మిల్లా బీ మాపటేళ మామా దగ్గరికి పోయి కింద కూర్చునింది.

"ఒక సాయం చేయాల మామా."

"చెప్పు."

"తిరుపాలమ్మ వాళ్ల మామాతో నేను మాట్లాడితే వినదు. మీరు పోండి. ఫోన్లో వద్దు, వాళ్లింటికి పోయి కూర్చోండి. తిరుపాలమ్మను శుక్రవారం పంపమని ముందే అడగొద్దు. సిటీలో ఆ రోజు మీరు చెప్పినారు చూడండి, మీ తమ్ముడి మాట, నా మాట. ముందు అది చెప్పండి. అది వింటే, ఆ పిల్ల గడప దాటనిది సోమరితనంతో కాదు, భయంతోనని ఆమెకే తెలుస్తుంది."