నెల జీతం పువ్వు

మా పెద్దబావ పుస్తకాలకు అట్టలు వేస్తాడు. కొత్త పుస్తకాలకు కాదు. ఆఫీసుల్లో మూలన పడి చివికిపోయిన రిజిస్టర్లు, ఆస్పత్రి రికార్డులు, లైబ్రరీవాళ్ళు ఆశ వదులుకున్నవి ఆయన దగ్గరకొస్తాయి. ఇంటి ముందు గదే పనిగది. అందులో ఒక పొడుగు బల్ల, పుస్తకాలు బిగించే ఇనుప ప్రెస్సు, జిగురు గిన్నె, అక్షరాలు రాసే సన్నకుంచెలు. పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ ఉండదు. నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. బావను ఆటపట్టించే హక్కు అక్క పెళ్ళిరోజే నా చేతికొచ్చింది కాబట్టి, ఈ సంగతి చెప్పడానికి నేనే తగినవాణ్ణి.

ఆయనకొక గుణముంది. జన్మలో బేరమాడలేదు. కూరలైనా, కొత్త ప్రెస్సైనా అడిగినంతా చేతిలో పెట్టి మాట్లాడకుండా వచ్చేస్తాడు. ఎంత దొడ్డ మనసో అని మేమందరం అనుకునేవాళ్ళం. అక్క ఒక్కతే అనుకునేది కాదు. "దొడ్డ మనసూ కాదు, పాడూ కాదు. బేరమాడాలంటే మనిషితో మాట్లాడాలి కదరా, అదీ బాధ" అనేది.

అలాంటి మనిషికి పూల పిచ్చి పట్టింది. ఏదో ఒక పువ్వు కాదు, ఒకే ఒక్క పువ్వు. చూడ్డానికి ఉల్లిగడ్డలాంటి దుంప. ఎండాకాలం ఆకులన్నీ మాడిపోయి కుండీలో మట్టి తప్ప ఏమీ కనపడదు. తర్వాత ఒకరోజు ఆకు లేకుండానే కాడ లేచి, దాని కొసన తెల్లటి పూలు గుత్తిగా పూస్తాయి, రేకు మీద గులాబి గీతలతో. చలి తగిలితే చస్తుంది. నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే కుళ్ళుతుంది. దీన్ని పెంచేది ఎక్కడో దూరపు ఊళ్ళో ఒక రిటైరైన డ్రాయింగు టీచరమ్మ. ఆవిడ అద్దాల గదిలో పెంచి, కాసిన గింజలు లెక్కపెట్టి పోస్టులో పంపేది. గింజ నాటితే పువ్వు చూడ్డానికి ఏడేళ్ళు. ధర వింటే మనకు ఏడేళ్ళ జ్వరం.

మొదటి పొట్లం ఖరీదు బావకు సరిగ్గా ఒక నెల సంపాదన. అందుకే దానికి మా ఇంట్లో "నెల జీతం పువ్వు" అని పేరు పడింది. ఒక్కడే అంత పెట్టలేక తోడల్లుణ్ణి కలుపుకున్నాడు. అంటే మా చిన్నక్క మొగుణ్ణి, మా చిన్నబావను. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. నోట్లో నువ్వుగింజ నానదు, మనసులో ఏదీ దాగదు. చెరిసగం వేసుకుని పొట్లం తెప్పించారు. విప్పి చూస్తే ఐదు గింజలు.

ఐదింటిని ఇద్దరు ఎలా పంచుకుంటారు? తలా రెండు తీసుకున్నాక ఒకటి మిగిలింది. "నాకిచ్చెయ్ అన్నయ్యా, చిన్నవాణ్ణి కదా" అని చిన్నబావ నవ్వాడు. ఆయన మాటకు అర్థం, ఒక్క మాట అడిగితే నువ్వే ఉంచుకో అనేస్తా అని. ఆయన తీరే అది. పెద్దబావ మాత్రం లోపలికెళ్ళి, ఆ గింజలో చిన్నబావ వంతు ఎంతవుతుందో అంత చిల్లరతో సహా తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిన్నబావ మొహం కందగడ్డలా అయింది. "ఇంట్లోవాణ్ణి. నాకు ధర కడతావా?" అని లేచి, తన రెండు గింజలు జేబులో వేసుకుని, ఐదో గింజా డబ్బులూ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

అంతే. ఏడేళ్ళు రాకపోకల్లేవు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళు గానీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు. చిన్నక్క కూతురు పుట్టి బడికి కూడా వెళ్ళింది. పెద్దక్క ఆ పిల్లను ఫొటోలో చూడ్డమే. "ఆ దిక్కుమాలిన గింజ నా చెల్లెలి ఇల్లు మింగేసింది" అని నా దగ్గర ఏడ్చిన రోజులున్నాయి. ఈ కథలో నాకు కావలసింది ఒక్కటే, మా అక్క ఆ ఇంటికి వెళ్ళడం. పువ్వు పూస్తే ఎంత, పూయకపోతే ఎంత!

బావ మాత్రం ఏటా ఒకటో రెండో గింజలు తెప్పించాడు. ధర ఏటా పెరిగింది. ఆయన ఏటా అడిగినంతా పంపాడు. ఒక చలికి కొన్ని పోయాయి, ఒక వానకి కొన్ని పోయాయి. చివరికి మొదటి పొట్లంలోది ఒకే ఒక్క దుంప మిగిలింది. పోయిన ఏడు టీచరమ్మ ఉత్తరం రాసింది. అద్దాల గదిలోకి చలి చొరబడి తన మొక్కలన్నీ చచ్చిపోయాయట, ఇక గింజలు లేవట. కింద ఇంకో ముక్క కూడా రాసింది: ఈ పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టదు, వేరే గింజ నుంచి పెరిగిన మొక్క పుప్పొడి కావాలి.

ఈ ఏడు కాడ లేచింది. ఒక పొద్దున పువ్వు విచ్చుకుంది. అది నాలుగు రోజులే ఉంటుంది. అదే రోజు చిన్నక్క ఫోన్ చేసి, తమదీ పూసిందని చెప్పింది. రెండింటిలో ఒకటి బతికిందట. లోకంలో మాకు తెలిసి మిగిలినవి ఈ రెండే మొక్కలు, రెండూ ఇద్దరు తోడల్లుళ్ళ ఇళ్ళలో.

"వెళ్ళి అడగండి" అంది అక్క మొదటిరోజు. బావ జిగురు కలుపుతూ కూర్చున్నాడు. రెండోరోజు "అడగందే అమ్మయినా పెట్టదు, ఆయన మీ తమ్ముడి వరసే కదా" అంది. ఆయన కుంచెలు కడుగుతున్నాడు. మూడోరోజు పొద్దున అక్క నన్ను పిలిచి, ఆయన జేబులోంచి పర్సు తీసి తన దగ్గర పెట్టుకుని, బస్సు చార్జీలు నా చేతిలో పోసింది. "ఒరేయ్, ఈయన అక్కడ డబ్బు మాటెత్తకుండా చూడు. ఊరికే అడిగి తెచ్చుకోవాలి. మీరు తిరిగొచ్చేసరికి నేను తయారై ఉంటాను, సాయంత్రం చెల్లి దగ్గరికెళ్తా."

ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూడాలి. పెళ్ళిచూపులకు కూడా అంత వెలగలేదు.

బస్సులో బావకు పాఠం చెప్పినట్టు చెప్పాను. "తమ్ముడూ, కాస్త పుప్పొడి ఇవ్వవయ్యా, అను. అంతే." "ఊఁ" అన్నాడు. చిన్నబావ ఉండేది నాలుగో అంతస్తు. లిఫ్టులు బాగుచేసేవాడి బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యదు. మెట్లెక్కి ఆయాసపడుతూ తలుపు తట్టాం.

తలుపు తీసిన చిన్నబావ ఒక్క క్షణం గుడ్లప్పగించి చూశాడు. తర్వాత "అన్నయ్యా! రా, రా! ఏమేవ్, ఎవరొచ్చారో చూడు!" అని బిల్డింగు దద్దరిల్లేట్టు అరిచాడు. కుర్చీ లాగి దుమ్ము తుడిచాడు. చిన్నక్క టీ తెచ్చి కళ్ళొత్తుకుంది. పిల్ల తలుపు చాటు నుంచి చూస్తోంది. మేమెందుకొచ్చామో ఎవరూ అడగలేదు, బావ చెప్పనూ లేదు. చిన్నబావే బాల్కనీలోకి తీసుకెళ్ళి కుండీ చూపించి, కాగితం మడిచి, పువ్వును గోటితో తట్టి పుప్పొడి రాల్చి, పొట్లం కట్టి బావ చేతిలో పెట్టాడు.

"నీ పువ్వుది తెచ్చావా అన్నయ్యా? నాదీ కాయ కడుతుంది కదా" అన్నాడు.

తేలేదు. ఆ ఆలోచనే బావకు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

"పోనీలే, నాకింకా రెండు మొగ్గలున్నాయి. రేపు నేనే వచ్చి తీసుకుంటా. మీ ఇల్లు చూసి ఏడేళ్ళయింది."

ఇంతకంటే ఏం కావాలి! నేను కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను. బావ జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు. చత్వారమేమో అనుకున్నా. పెట్టె అడుగున మడత నోట్లున్నాయి. అక్క పర్సు లాక్కుంది గానీ పెట్టె సంగతి దానికెలా తెలుస్తుంది? నోట్లు తీసి, టీ కప్పు పక్కన పెట్టి, మూలలు సరిచేశాడు.

"ఇదేంటి?" అన్నాడు చిన్నబావ.

"టీచరమ్మ ఒక గింజకు తీసుకునే ధర. ఉంచు."

చిన్నబావ ఆ నోట్ల వంక చూశాడు. ఈసారి కోపం రాలేదు, అదే నాకు భయమేసింది. మెల్లగా అన్నాడు, "అయితే రేపు నేను రానక్కర్లేదన్నమాట."

బావ ఏదైనా అంటాడేమోనని చూశాను. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

మెట్ల మీద నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేం పోయేకాలం వచ్చింది బావా? ఒక్క మాట! తమ్ముడూ రావయ్యా, అంటే నోరు పడిపోతుందా?" అని పెద్దా చిన్నా చూడకుండా అరిచాను. ఆయన రెండు అంతస్తులు దిగి, ఆగి, గోడ వంక చూస్తూ అన్నాడు, "కొనడమైతే వచ్చురా. అడగడం రాదు. చిన్నప్పట్నించీ రాదు."

మేం ఇంటికి చేరేసరికి అక్క నీలం చీర కట్టుకుని, తల దువ్వుకుని, సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఇచ్చాడా?" "ఇచ్చాడు" అన్నాను. "ఊరికేనా?" బావ తల దించుకుని కుండీ దగ్గరికి నడిచాడు. జరిగింది నేనే చెప్పాను. అక్క సంచీ తీసి బల్ల మీద పెట్టింది.

"కొట్టుకెళ్ళి కొనుక్కొచ్చారు. ఇక నేను ఆ కొట్టుకి మా చెల్లెలి ఇల్లని ఎలా వెళ్ళను?" అంది.

బావ అక్షరాలు రాసే కుంచెతో పుప్పొడి అద్దాడు. నెల తిరిగేసరికి కాయలు కట్టి, పద్నాలుగు గింజలొచ్చాయి. టీచరమ్మ ఆఖరి ధరకు అమ్మితే ఆరు నెలలు కూర్చుని తినొచ్చు. ఆయన ఏడు నాటుకుని, ఏడు ఒక కవరులో వేసి, పైన చిన్నబావ పేరు రాసి నా దగ్గరికి పట్టుకొచ్చాడు. "నువ్వు ఇచ్చిరారా."

"నేనివ్వను. నువ్వే వెళ్ళు. ఊరికే ఇవ్వు, కాసేపు కూర్చో, వచ్చెయ్."

"ఏమని ఇవ్వను?"

"తమ్ముడూ, ఇవి నీకు, అను."

తలూపాడు. కవరు పనిబల్ల మీద, రిజిస్టర్ల పక్కన పెట్టుకున్నాడు. రోజూ దాన్ని జేబులో పెట్టుకుని వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొస్తున్నాడని అక్క చెప్పింది. వెళ్తాడులే, వెళ్ళనీ అని నేను పట్టుదలకి పోయాను. పట్టుకెళ్ళి ఇచ్చేస్తే నా సొమ్మేం పోయేది? ఆ తప్పు నాదే.

ఈ గింజలు మట్టి కోసం, నీళ్ళ కోసం ఆగే రకం కాదు. పన్నెండో రోజున అక్క బల్ల తుడుస్తూ నన్ను కేకేసింది. కవరు అడుగున కాగితం చించుకుని తెల్లటి వేళ్ళు బయటికొచ్చాయి. బావ కత్తెర తెచ్చి, వేరు తెగకుండా కవరు కత్తిరించి, ఒక్కొక్కటే తీసి, ఏడింటినీ తన కుండీల్లోనే నాటుకున్నాడు.