నాయన చెప్పిన హంస

చదువు మానేశాక హిందూపురంలో మా మామ ఇంట్లో ఉంటూ అంగళ్లకు బోర్డులు రాసేవాణ్ణి. మా ఊరు ధర్మవరంలో మగ్గాల మీదికి అప్పుడప్పుడే జాకార్డు పెట్టెలు ఎక్కుతున్నాయి. గీసిన బొమ్మను గళ్ల కాగితం మీదికి ఎక్కించి, ఆ గళ్లను చూసి అట్టలకు బెజ్జాలు కొట్టాలి. బెజ్జం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. అట్టల వరుస మగ్గం మీద తిరుగుతుంటే బొమ్మ చీరలోకి దిగుతుంది. అది మొదటిసారి చూసిన రోజు ఆ ధ్యాసలో అన్నం తినడమే మరిచిపోయాను.

హిందూపురంలో అట్టలు కొట్టే సాయిబు ఒకాయన ఉండేవాడు. పని నేర్పమని అడిగితే నవ్వాడు.

"గీసేటోడు గీస్తాడు, కొట్టేటోడు కొడతాడు. నీకు రెండూ ఎందుకప్పా?"

"గీసిన చేత్తోనే కొడితే బొమ్మ చెడదు కదా సాయిబూ."

ఆయన తన సుత్తి నా చేతికిచ్చాడు.

పని పట్టుబడేసరికి నాయనకు పక్షవాతం వచ్చింది. ధర్మవరం పోయి చూస్తే కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. నాయన ఒకప్పుడు హంసల అంచుకు పేరుపడ్డ నేతగాడు. దానికి కాగితమంటూ ఏదీ లేదు. ఏ వరుసలో ఏ దారం లేపాలో ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని అమ్మ లేపేది. ఒక్క చీరకే నెలలు పడుతున్నాయని నా చిన్నప్పుడే మానేశాడు. నేసినవన్నీ అమ్ముడుపోయాయి. ఇంట్లో ఆ అంచు చీర ఒక్కటీ మిగల్లేదు.

గళ్ల కాగితం తీసుకుని ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"నాయనా, హంసను చెప్పు. అట్టల్లోకి ఎక్కిస్తా."

నాయన కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

"మూడు లేపు... ఒగటి ఇడ్సు... రెండు లేపు..."

మాట అర్థం కాకపోతే ఎడమచేతి వేళ్లు చూపించేవాడు. అలసిపోతే ఆపేవాళ్లం. అంచులో హంస ముక్కుతో మొదలై తోకతో ముగుస్తుంది. ముక్కు వచ్చింది, వంచిన మెడ వచ్చింది, రొమ్ము వచ్చింది. కాళ్ల దాకా వచ్చాక, ఒక పొద్దున నాయన లేవలేదు.

తోక నేనే గీశాను. అట్టలన్నీ కొట్టి పక్కింటి మగ్గానికి కట్టించాను. అమ్మ అప్పటికి పెనుకొండలో మా అక్క ఇంటికి చేరింది. మొదటి చీర తీసుకుని రైలెక్కాను.

అమ్మ చీరను చాప మీద పరిచి అంచు వెంబడి వేలు నడిపింది.

"మెడ మీ నాయనదే. ఆ వంపు సూడు." వేలు తోక దగ్గర ఆగింది. "ఇది ఆయనది కాదు. నువ్వు గీసినావా?"

"ఊఁ. ఎట్లుండేదో చెప్పుమా. మళ్లీ కొడతా."

అమ్మ కళ్లు మూసుకుంది. దారాలు లేపుతున్నట్టు ఒళ్లో వేళ్లు కదిలాయి. ఎంతసేపటికో తల అడ్డంగా ఊపింది.

"దారాలే సూసినా గానీ బొమ్మను సూసుకోలేదురా," అంటూ ఏడ్చింది. నాయన పోయిన రోజు కూడా అమ్మ అంతగా ఏడవలేదు.

తర్వాత గీయడం, అట్టలు కొట్టడమే నా బతుకయింది. ధర్మవరం నుంచి మగ్గాలవాళ్లు నన్ను వెతుక్కుంటూ హిందూపురం వచ్చేవాళ్లు. ఎక్కువమంది ఆ హంసనే అడిగేవాళ్లు, తోక ముచ్చటగా ఉందనేవాళ్లు. పాత అట్టలు చిరిగి కొత్తవి కొట్టేటప్పుడల్లా ఆ తోకను మార్చాలనిపించేది. దేన్ని చూసి మార్చను?