సిల్చార్ అని రాసిన చీటీ

ముత్యాలరాజు మొదటి గెలుపు 2023 ఆగస్టు ఆరో తేదీ ఆదివారం నాడు, తాడేపల్లిగూడెం టౌన్ క్లబ్బు హాల్లో. జనరల్ నాలెడ్జి పోటీలో ముప్పయి ప్రశ్నలకు ఇరవై ఆరు ఒప్పులు. అది ఊరికే వచ్చి ఒళ్ళో పడింది కాదు. అంతకు ముందు మూడు నెలలు వరసగా ఓడాడు. ఒకసారి క్రికెట్టు ముంచింది, ఒకసారి సినిమాలు ముంచాయి, మూడోసారి అర మార్కులో చెయ్యి జారింది. నాలుగోసారి స్టీలు బిందె, శాలువా రెండూ పట్టుకుపోయాడు. ఆరో తరగతితో బడి మానేసి, కొల్లేటికోట దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు వేసే మనిషి, బ్యాంకు ఆఫీసర్ల ముందు, కాలేజీ లెక్చరర్ల ముందు గెలిచి లేచి నిలబడ్డాడంటే మాటలా!

ఆ బిందె చేతికిచ్చినవారు యోసేపు మాస్టారు. ఇస్తున్న క్షణంలోనే ఆయన మనసులో అనుమానం పడింది.

మాస్టారిది ఏలూరు. ముప్పయ్యారేళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఈ పోటీ ఆయన పెట్టిందే. నెలకో మొదటి ఆదివారం, ఉదయం గుడిలో ఆరాధన కాగానే రైలెక్కి గూడెం వస్తారు. బల్లకు ఇద్దరు. ప్రశ్న చదివాక జవాబు చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. మధ్యలో మిరపకాయ బజ్జీలు, టీ. ముత్యాలరాజు పక్కన కూర్చుని చీటీ రాసేది అతని భార్య దుర్గాదేవి. ఐసుకు పగిలిన అతని వేళ్ళకు పెన్ను సరిగ్గా పట్టు చిక్కదు.

మాస్టారు గమనించినవి రెండు. ఒకటి, ఫరక్కా బ్యారేజీ ఏ నది మీద ఉందని పూర్తిగా చదవకముందే దుర్గాదేవి చీటీ మీద గంగ అని రాసేసింది. రెండు, ప్రశ్న వినగానే ముత్యాలరాజు పెదవులు కదుపుతూ, బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెడతాడు. బట్టీ పట్టిన జవాబుల వరస లెక్కపెట్టుకునేవాడు అలాగే చేస్తాడని మాస్టారి అనుభవం.

ఆ తర్వాత గెలుపులు ఆగలేదు. రెండేళ్ళలో తొమ్మిది మొదటి బహుమతులు, ఐదు రెండో బహుమతులు, నాలుగు శాలువాలు, ఒక గోడ గడియారం, ఒక ప్రెషర్ కుక్కరు. ఆ గెలుపులతో పాటు మాస్టారి అనుమానమూ పెరిగింది. మొదట ఏలూరులో ప్రశ్నలు టైపు చేసే స్టెల్లాను అనుమానించారు. ఆ అమ్మాయి అత్తవారిది కొల్లేటి వైపే. టైపు మానేసి చేత్తో రాయడం మొదలుపెట్టారు. అయినా ముత్యాలరాజే గెలిచాడు. కాగితాలు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. మళ్ళీ అతనే గెలిచాడు. ఇక ఇంట్లో మిగిలింది భార్య హన్నమ్మ ఒక్కతే.

"హన్నమ్మా, పెట్టె ఎవరైనా ముట్టుకున్నారా?"

"తాళంచెవి మీ మొలతాడుకే వేలాడుతోంది కదండీ. నన్నడుగుతారేంటి?"

"మొన్న వండిన కొర్రమీను ఎక్కడిది?"

"బజారుదండి."

"కొల్లేటిదేనా?"

"చేప కొల్లేటిది కాక కొండ మీద కాస్తుందా? ఏవండీ, యూదాలాగా ముప్పయి వెండి నాణేలకు మిమ్మల్ని అమ్ముకునేదాన్నయితే పెళ్ళయిన కొత్తల్లోనే అమ్మేద్దును. అప్పుడైతే కాస్త ధర పలికేవారు."

మాస్టారు పెట్టె తాళం మరోసారి లాగి చూసుకున్నారు.

సెప్టెంబరులో క్లబ్బు సెక్రటరీ నరసరాజు ఆయన్ని పక్కకు పిలిచాడు. "అందరూ గొణుక్కుంటున్నారండి మాస్టారూ. నవంబరు ముప్పయిన ఏలూరులో ఉమ్మడి జిల్లా పోటీ. గూడెం తరఫున ఒక్క బల్లే వెళ్ళాలి. లెక్క ప్రకారం ఆ మొగుడూ పెళ్ళాలదే. ప్రశ్నలు బయటికి పోతున్నాయని మీరు ఒక్క మాట రాసివ్వండి. కాపీ కొట్టారని నోటీసు బోర్డు మీద పెట్టి పేరు తీసేస్తాం."

"రుజువు లేకుండా రాస్తే అతను ఊళ్ళో తలెత్తుకోగలడా?"

"రుజువు మీరే పట్టండి. లేకపోతే క్లబ్బు తల దించుకోవాలండి."

మాస్టారు పాతకాలపు ఉపాయం ఒకటి పన్నారు. అక్టోబరు ప్రశ్నలు మళ్ళీ స్టెల్లా చేతికే ఇచ్చి టైపు చేయించారు. మిజోరం రాజధాని ఏది అన్న ప్రశ్నకు ఐజాల్ అని ఉండాల్సిన చోట, కావాలనే ఇంఫాల్ అని రాశారు. ఇంఫాల్ మణిపూరుది. కాగితం చూసినవాడు ఇంఫాల్ అని రాసి పట్టుబడతాడు.

అక్టోబరు ఐదున పోటీ అయ్యాక ఎనిమిది బల్లల చీటీలూ ముందేసుకున్నారు. ఐదింట్లో ఐజాల్. రెండు ఖాళీ. ఇంఫాల్ అని ఒక్కరూ రాయలేదు. ఎనిమిదో చీటీలో దుర్గాదేవి గుండ్రటి అక్షరాల్లో ఉంది: సిల్చార్.

మాస్టారికి రెండు రాత్రులు నిద్ర సరిగ్గా పట్టలేదు. దొంగ అయితే ఇంఫాల్ రాయాలి. చదువుకున్నవాడయితే ఐజాల్ రాయాలి. అస్సాంలో ఉన్న ఈ సిల్చార్ ఎక్కడి నుంచి వచ్చింది? వల వాసన పట్టి పక్కకు దూకాడా? అంత గడుసువాడా? మంగళవారం పొద్దున్నే కైకలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో షెడ్డు దగ్గర దిగారు. లోపలికి వెళ్ళకుండా ఐసు దిమ్మెల చాటున నిలబడ్డారు. చాటుగా చూస్తే గాని నిజం తెలియదని ఆయన నమ్మకం.

అప్పుడే గౌహతి వెళ్ళిన లారీ తిరిగొచ్చింది. డ్రైవరు బంగార్రాజు ఒళ్ళు విరుచుకుంటూ దిగాడు.

"అక్కడ దింపేసరికి ఐసు మిగిలిందా?" అని ముత్యాలరాజు అడిగాడు.

"ట్రేకి రెండు వేళ్ళ మందం మిగిలింది బాబాయ్. శీలావతి చేపల కళ్ళు అద్దాల్లా ఉన్నాయి."

"ప్రశ్న తెచ్చావా?"

"మర్చిపోయాననుకో."

"టీ కూడా నేను మర్చిపోయాననుకో."

"సరే, ఆక్టోపస్‌కి గుండెలెన్ని?"

"మూడు. అది నిరుడే గోడెక్కింది. కొత్తది చెప్పు."

"తేనెటీగకి కళ్ళెన్ని?"

ముత్యాలరాజు తడుముకున్నాడు. "రెండు."

"ఐదు! దాబాలో పాత పేపర్లో చదివాను."

"నువ్వొక్కడివే చెబితే సరిపోదురా. ఇంకొకడు కూడా చెప్పాలి. ఇద్దరు చెప్పందే గోడెక్కదు."

మాస్టారు తలెత్తి గోడకేసి చూశారు. షెడ్డు వెనక గోడంతా, ట్రేల మీద ఊళ్ళ పేర్లు రాసే నీలం రంగుతో వరసలు వరసలుగా రాతలు, అన్నీ దుర్గాదేవి గుండ్రటి అక్షరాల్లోనే. హౌరా, హుగ్లీ నది, ముప్పయి గంటలు. ఫరక్కా, గంగ. త్రిపుర, అగర్తలా. బ్రహ్మపుత్ర, టిబెట్‌లో సాంగ్‌పో. పదేళ్ళ రాతలు. ఒక మూల ఉంది: మిజోరం, సిల్చార్, ఐదు రోజులు.

ఐసు చాటు నుంచి బయటికొచ్చారు.

"మాస్టారండీ! తమరేంటండీ ఇలా వచ్చారు? కబురు చేస్తే నేనే వద్దును కదండీ!" ముత్యాలరాజు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ప్రశ్న అడగ్గానే వేళ్ళు ఎందుకు లెక్కపెడతావు?"

"ఐసు లెక్కండి. ఏ ఊరెంత దూరం, మధ్యలో ఏ నది, ఎక్కడ ఎండ ఎక్కువ, అవన్నీ చూసుకుని ఐసు వెయ్యాలి కదండీ. తప్పితే చేప దారిలోనే కుళ్ళుతుంది. ఊరి పేరు వినగానే వేళ్ళు వాటంతటవే కదులుతాయండి."

"మిజోరానికి సిల్చార్ అని ఎవరు చెప్పారు?"

"డ్రైవర్లందరూనండి. ఇద్దరు కాదు, ఇరవైమంది. మిజోరం సరుకు మావాళ్ళు సిల్చార్‌లోనే దింపుతారు. అక్కడి నుంచి కొండలెక్కేది వేరే బళ్ళండి."

ఇద్దరి సాక్ష్యం చెల్లుతుందని మాస్టారు చిన్నప్పటి నుంచి గుడిలో వింటున్నదే. ఇరవైమంది ఒకే తప్పు చూసి ఒకే తప్పు చెబితే ఏం చేయాలో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెక్కపెట్టె మీద కూర్చున్నారు.

"రాజూ, రెండేళ్ళుగా నిన్ను దొంగవనుకున్నాను. నీ కోసమే వల పన్నాను. మిజోరానికి ఇంఫాల్ అని తప్పు జవాబు టైపు చేయించాను."

ముత్యాలరాజు ఐసు పార కింద పెట్టాడు. "వలలో నేను పడలేదాండీ?"

"పడలేదు. ఆ తప్పు వేరు. మిజోరం రాజధాని ఐజాల్."

అతని మొహం అప్పుడు వాడింది. దొంగ అన్నప్పుడు కూడా అంత వాడలేదు. "అయితే పదేళ్ళుగా నా గోడ మీద అబద్ధం ఉందాండీ?"

మాస్టారు రంగు డబ్బాలోంచి కుంచె తీసి గోడ వైపు నడిచారు. ముత్యాలరాజు అడ్డం వచ్చాడు.

"ఆగండి మాస్టారూ. తమరొక్కరే చెప్పారు. రెండో సాక్ష్యం కావాలి. పైగా ఇంఫాల్ అని రాయించింది కూడా తమరే కదండీ!"

బంగార్రాజు నవ్వు ఆపుకోలేక లారీ వెనక్కి పోయాడు. "ఫోన్లో చూడరాదా బాబాయ్?"

"మన చెరువులో తిమింగలం పడిందని కూడా ఫోన్లోనే వచ్చింది కదరా!"

ఆ మధ్యాహ్నమే మాస్టారు గూడెం వెళ్ళి క్లబ్బు పుస్తకంలో స్వదస్తూరీతో రాశారు: కొల్లేటికోట బల్ల నిర్దోషి, అనుమానం నాది, తప్పు నాది. నరసరాజు రెండుసార్లు చదివి, ఏలూరు పోటీకి ఆ ఇద్దరి పేర్లే పంపాడు.

నవంబరు ఎనిమిదిన సిల్చార్ లోడు బయలుదేరింది. సరుకు అప్పగించే మనిషిగా ముత్యాలరాజు లారీ ఎక్కాడు. పదేళ్ళుగా ఐసు వేసి పంపిన ఊరిని చూడడం అదే మొదలు. అక్కడ మిజోరంలో అడుగుపెట్టే పర్మిట్టు తీసుకుని కొండల మీదికి వెళ్ళి, ఐజాల్ ఉందో లేదో తన కళ్ళతో చూసి వస్తానన్నాడు.

"మాస్టారూ, ఈయన నా మాటే ఒక పట్టాన నమ్మరండి, మీ మాట నమ్ముతారా!" అని దుర్గాదేవి నవ్వింది.

గోడ మీద సిల్చార్ చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి ఉంది. దాని కింద మాస్టారు రంగు డబ్బా, కుంచె సిద్ధంగా పెట్టించారు. ముత్యాలరాజు తిరిగొచ్చేది నవంబరు ఇరవై మూడు, ఆదివారం.